వెనక తలుపు దగ్గర ఒక్క స్టాపు

మా అల్లుడి మీద నేను ఈగ వాలనివ్వను. అది చూసి మా అమ్మాయికి ఒళ్ళు మంట. "నువ్వు కన్నది నన్నా, ఆయన్నా?" అంటుంది. కన్నది దాన్నే, అందుకే దాని సంగతి నాకు బాగా తెలుసు. ఒంటరిగా ఎందుకు, వచ్చి మాతో ఉండండి అని అల్లుడు నన్ను పిలిచినప్పుడు, "అమ్మ వస్తే రోజూ గొడవే" అన్నది నా కూతురు. ఇద్దరి మాటా దక్కింది. వచ్చాను, రోజూ గొడవ పడుతూనే ఉన్నాం.

అల్లుడు మొదట్లో బస్సు కండక్టరు. గోదాముల దగ్గర బయల్దేరి, మార్కెట్టు దాటి, ఆసుపత్రి సందులోంచి రైల్వే స్టేషన్‌కు చేరే బండి అది. ఏళ్ళ తరబడి ఆ బండి వెనక తలుపు దగ్గరే నిలబడ్డాడు. ఎవరి బిడ్డకు జ్వరమో, ఎవరికి జీతం రాలేదో, ఏ వీధిలో కుళాయి ఎండిపోయిందో టికెట్లు చింపుతూనే వినేవాడు. తనకు చేతనైంది తను చేసేవాడు, చేతకానిది ఎవరికి చెప్పాలో వాళ్ళకు చెప్పి, పని అయ్యేదాకా వాళ్ళ ప్రాణం తీసేవాడు. చివరికి ఆ ప్రయాణికులే పట్టుబట్టి అతన్ని ఎన్నికల్లో నిలబెట్టి నగరసభకు పంపించారు.

గెలిచాక ఆఫీసులో ఒక గది ఇచ్చారు. గదిలో ఇంత పెద్ద బల్ల, బల్ల మీద గంట. పనుండి వచ్చినవాళ్ళు ఆ బల్లకు అవతల కూర్చుని, చెప్పదలుచుకున్నది మింగేసి, "బాగున్నారా సార్" అని అడిగి వెళ్ళిపోయేవారు. నెల తిరక్కుండానే అల్లుడు గదికి తాళం పెట్టి మళ్ళీ బస్సెక్కాడు. రోజూ పొద్దున మొదటి బండిలో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళడం, వెనక తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళ మాట వినడం. దానికొక పద్ధతి కూడా పెట్టాడు. మనిషికి ఒక్క స్టాపు. ఒక స్టాపులో మొదలుపెడితే పై స్టాపు వచ్చేలోగా చెప్పేయాలి, ఆ తరవాతి స్టాపు ఇంకొకరిది. ఎంత మొనగాడైనా అంతే. చేపలమ్మే ఆవిడ ముక్కు చీదుకుంటూ చెప్పుకుంటుంటే, బ్యాంకు మేనేజరు వెనక బుద్ధిగా నిలబడి తన వంతు కోసం చూడటం నేను నా కళ్ళతో చూశాను. ఆ రోజు నాకు నా అల్లుణ్ణి ముద్దు పెట్టుకోవాలనిపించింది. వయసొచ్చిన అల్లుడు, బాగుండదని ఊరుకున్నాను.

పోయినేడు అతన్ని రవాణా కమిటీకి అధ్యక్షుణ్ణి చేశారు. ఊళ్ళో బస్సులన్నీ ప్రైవేటు యజమానులవే, ఏ బండి ఏ దారిన పోవాలో తేల్చేది మాత్రం ఈ కమిటీ. అధ్యక్షుడైన వారానికే బస్సు యజమానుల సంఘం కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. సన్నగా, ఇస్త్రీ మడత చెదరని చొక్కాతో, ఎప్పుడు చూసినా నవ్వుతూ ఉండే మనిషి. నేనాయనకు నవ్వులాయన అని పేరు పెట్టాను. చెడ్డవాడైతే ఈ కథ తొందరగా అయిపోయేది, కాని ఆ మనిషిలో వంక పెట్టడానికేమీ లేదు. గుమ్మంలో అడుగుపెట్టగానే అల్లుడి కాళ్ళు చూశాడు. ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి అల్లుడి పిక్కల్లో నరాలు తాళ్ళలా ఉబ్బిపోయాయి. నిలబడటం తగ్గించకపోతే పుండ్లు పడతాయని డాక్టరు చెప్పి ఊరుకున్నాడు, ఊళ్ళో ఒక్కరికీ ఆ సంగతి పట్టలేదు. నవ్వులాయనకు పట్టింది.

"సార్, మీరిలా ఫుట్‌బోర్డు మీద వేలాడుతుంటే మాకు చూడబుద్ధి కావట్లేదు. సంఘం తరఫున ఒక కారు పెడతాం. డ్రైవరు కూడా మావాడే. మీ సొంత పనులకి కాదు, ఊరి పనికే" అన్నాడు.

అల్లుడు వద్దన్నాడు. మా అమ్మాయి ఏడ్చింది. "నీ కాళ్ళు పోయాక ఆ బస్సులో జనం వచ్చి నిన్ను మోస్తారా?" అంది. నేనేమన్నా తక్కువ తిన్నానా? నేనూ దానికి వత్తాసు పలికాను. అలా కారొచ్చింది.

కారు బాగుంటుంది, ఎందుకు అబద్ధం చెప్పడం! అల్లుడి కాళ్ళ వాపు తగ్గింది. మా అమ్మాయి మొహం కళకళలాడింది. రోజూ పొద్దున కారు వచ్చేది, అందులో నవ్వులాయన కూర్చుని ఉండేవాడు. ఆఫీసుదాకా దారి పొడుగునా మాట్లాడేవాడు. వచ్చేటప్పుడు నాకు మోకాళ్ళ తైలం, మా అమ్మాయికి దాని తలనొప్పి మాత్రలు మర్చిపోకుండా తెచ్చేవాడు. ఇంట్లో మనిషైపోయాడు.

రాత్రి భోజనాల దగ్గర అల్లుడి నోట కొత్త మాటలు వినపడటం మొదలైంది. "ఆసుపత్రి సందు మరీ ఇరుకు అత్తయ్యా. గేటు దగ్గర బండి ఆగిందంటే ఓ పట్టాన కదలదు. దానివల్ల వెనక బళ్ళన్నీ ఆలస్యం. సందు వదిలేసి పెద్దరోడ్డున పోనిస్తే అందరికీ మంచిదట."

"అట అంటున్నావు, ఎవరన్నారు?"

"కార్యదర్శిగారు లెక్కలన్నీ చూపించారు. నేను మాటిచ్చేశాను. ఈ వారమే కమిటీలో పెడుతున్నాం."

"సందులోవాళ్ళేమంటున్నారు?"

"ఒక్కళ్ళు కూడా వద్దనలేదు అత్తయ్యా. వద్దనే ఉద్దేశం ఉంటే ఈపాటికి నా దగ్గరికి రారూ?"

నిజమే కదా అనుకుని నేను మజ్జిగ పోసుకున్నాను.

మర్నాడు నా కళ్ళజోడు కాడ విరిగింది. బాగు చేయించుకుందామని మార్కెట్టుకు బయల్దేరి, అలవాటుకొద్దీ మొదటి బస్సే ఎక్కాను. వెనక తలుపు దగ్గర ఇప్పుడొక కండక్టరమ్మాయి ఉంది, బొద్దుగా, గలగలమంటూ ఉంటుంది. దాని చుట్టూ జనం. ఒకావిడ వీధి దీపం గురించి చెప్పింది. స్టాపు రాగానే పక్కకు జరిగింది. ఇంకొకతను మురుగు కాలవ సంగతి ఎత్తుకున్నాడు. స్టాపు రాగానే అతనూ జరిగాడు. అల్లుడు లేడు, అతని పద్ధతి మాత్రం బండిలోనే ఉండిపోయింది.

"ఇదేమిటే అమ్మాయ్, వీళ్ళంతా నీకు చెబుతున్నారు?" అన్నాను.

"రేపో ఎల్లుండో ఆయన ఎక్కుతాడని చూస్తున్నారమ్మగారూ. ఎక్కినప్పుడు చెప్పమని నాకు అప్పజెప్పి పోతున్నారు. నేనెవరికి చెప్పను? నా బుర్ర నిండిపోయింది. సగం మంది ఆసుపత్రి గేటు సంగతే. ఆ స్టాపు తీసేస్తారంట కదా?"

మా ఇంటికి రావచ్చు కదా అని అడగబోయి, మా ఇంటి ముందు రోజూ ఏముంటోందో గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. సంఘం కారుంటుంది, కార్లో సంఘం మనిషి ఉంటాడు. దాన్ని దాటుకుని తలుపు కొట్టేవాడెవడు?

అంతలో ముందు సీట్లోంచి ఎవరో చెయ్యి ఊపారు. మా ఎదురింటి లెక్కల మాస్టారు. మా అమ్మాయికి చదువు చెప్పిన మనిషి, అది లెక్కల్లో ఫెయిలవకుండా బయటపడిందంటే ఆయన చలవే. ఆర్నెల్లుగా కిడ్నీలు పాడైపోయి, రోజు విడిచి రోజు ఆసుపత్రికి వెళ్ళి రక్తం శుభ్రం చేయించుకుంటాడు. ఈ బస్సు గేటు ముందు దింపుతుంది కాబట్టే వెళ్ళగలుగుతున్నాడు. పెద్దరోడ్డు మీద దింపితే అక్కడినుంచి ఆసుపత్రిదాకా ఎగుడుదిగుడు దారి, ఆయన కాళ్ళకు సాధ్యం కాదు. తోడెళ్ళే దిక్కు లేదు.

పక్కన కూర్చుని, "అన్నయ్యగారూ, స్టాపు సంగతి విన్నారా?" అన్నాను.

"విన్నానమ్మా. ఏం చేస్తాం? వారానికి మూడు సార్లు వెళ్ళేది ఒకసారి వెళ్తాను."

ఆ మాట ఆయన చాలా తేలిగ్గా అన్నాడు. మూడు సార్లు వెళ్ళాల్సింది ఒకసారి వెళ్తే ఏమవుతుందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"ఇప్పుడే ఇంటికెళ్ళి అల్లుడితో చెబుతాను."

"వద్దు. అబ్బాయి అందరి గురించీ ఆలోచించి చేసే పని. ఎదురింటివాడినని చెప్పి నా కోసం ఆపించుకున్నానన్న మాట నాకొద్దు. నా మీద ఒట్టే, నువ్వు నోరెత్తకు" అని నా చెయ్యి పట్టుకున్నాడు.

అందరికీ నేనంటే హడలు, నాకు మాస్టారంటే హడలు. సరేనన్నాను. కళ్ళజోడు సంగతి మర్చిపోయి ఇంటికొచ్చాను.

ఆ రాత్రంతా నా బుర్ర తిరుగుతూనే ఉంది. నోరెత్తననే కదా అన్నాను, చెయ్యెత్తనని అనలేదు. పొద్దున్నే ముస్తాబై, చేతిసంచి పట్టుకుని, అల్లుడు బూట్లు తొడుక్కునేలోగా వెళ్ళి కారు వెనక సీట్లో మధ్యలో కూర్చున్నాను.

"అత్తయ్యా, ఎక్కడికి?" అన్నాడు అల్లుడు.

"కళ్ళజోడుకి. ఆ తర్వాత బొత్తాల దుకాణం. ఆ తర్వాత మా స్నేహితురాలింటికి. మోకాళ్ళు పోతున్నాయి బాబూ, ఇవాళ నాకు కారు కావాలి."

ముందు సీట్లోంచి నవ్వులాయన వెనక్కి తిరిగాడు. "దానికేముందమ్మగారూ, సార్‌కి ఇంకో కారు పిలిపిస్తాను."

"రెండు కార్లా? చూసినవాళ్ళు ఏమనుకుంటారయ్యా, ఎన్నికల ఊరేగింపా?"

అల్లుడు సిగ్గుతో ఎర్రబడ్డాడు. "వద్దొద్దు, ఇవాళ్టికి నేను బస్సులో పోతాను" అన్నాడు. గుమ్మంలో మా అమ్మాయి నా వంక చూసిన చూపుకు నేను భస్మమైపోవాల్సింది. అలవాటుపడ్డ ప్రాణం కాబట్టి బతికాను.

సాయంత్రం అల్లుడు నీరసంగా వచ్చాడు. కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతున్నాడు.

"ఎవరూ ఏమీ మాట్లాడలేదు అత్తయ్యా" అన్నాడు ఉన్నట్టుండి. "నేనెక్కగానే లేచి నిలబడ్డారు. ముందు సీటు ఖాళీ చేసి కూర్చోమన్నారు. ఈ చివర నుంచి ఆ చివరకి నన్ను చూసి నవ్వారు, అంతే. కొత్త మనిషిని చూసినట్టు చూశారు."

అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంత మనిషి అలా కూర్చుంటే చూడటం కష్టమే. కాని మెత్తబడితే లాభం లేదు.

"నువ్వు ముందు సీట్లో కూర్చున్నావా?"

"కూర్చోమంటే కూర్చున్నాను."

"మరి వెనక తలుపు దగ్గర నీ కోసం చూసేవాళ్ళకి నువ్వెలా కనపడతావు?" అన్నాను. మా అమ్మాయి గరిటె పట్టుకుని, "ఆయన కాళ్ళు" అని మొదలుపెట్టింది. "కాళ్ళకి తైలం నేను రాస్తాను, నువ్వు కూర వడ్డించు" అన్నాను.

మర్నాడు కూడా కారు నాదే. ఇవాళ ఎక్కడికమ్మగారూ అని డ్రైవరు అడిగితే, "ఆ బస్సు వెనకాలే పోనీ" అన్నాను. నవ్వులాయన వెనక్కి తిరిగి నా మొహం చూసి, మళ్ళీ ముందుకు తిరిగాడు. బస్సు వెనక అద్దంలోంచి అల్లుడి వీపు కనపడుతోంది. తలుపు దగ్గరే నిలబడ్డాడు. మార్కెట్టు దాకా అతని పక్కన ఎవరూ లేరు. మార్కెట్టు దాటాక చేపలమ్మే ఆవిడ తట్ట పక్కన పెట్టి చేతులు తిప్పుతూ మొదలుపెట్టింది. ఆ చేతులు తిప్పడం చూస్తే పొగడ్త కాదని తెలుస్తూనే ఉంది. నాకు కడుపు నిండినట్టయింది.

"మీ పని ఏమిటయ్యా అసలు?" అన్నాను నవ్వులాయనతో.

"మా వాళ్ళ కష్టం సార్ చెవిన వేయడమేనమ్మా. మా యజమానులందరూ కోటీశ్వరులేం కాదు. ఒక్క బండి పెట్టుకుని, దాని మీదే ఇల్లు గడుపుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. వాళ్ళ మాట కూడా ఎవరో ఒకరు చెప్పాలి కదా."

"చెప్పొద్దని ఎవరన్నారు? కాని ఊళ్ళో అందరికీ ఒక్క స్టాపు, మీకు మాత్రం రోడ్డు రోడ్డంతానా?"

ఆయన నవ్వాడు గాని, ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

బస్సు ఆసుపత్రి సందులోకి తిరిగింది. సందు నిజంగానే ఇరుకు, దాటిపోయే వీలు లేదు, మేమూ దాని వెనకాలే ఇరుక్కున్నాం. గేటు ముందు బస్సు ఆగింది. ఎంతసేపటికీ కదలదు. నవ్వులాయన చేతి గడియారం చూసుకుని, "చూశారా అమ్మగారూ? నేను సార్‌కి చెప్పింది ఇదే. ఇక్కడ బండి ఊరికే ఆగుతుంది" అన్నాడు.

అప్పుడు వెనక తలుపులోంచి అల్లుడు దిగాడు. దిగి, వెనక్కి తిరిగి, పైకి రెండు చేతులూ చాపాడు. ఆ చేతుల్లోకి ముందు ఒక గుడ్డసంచి వచ్చింది, తర్వాత ఒక వణుకుతున్న కాలు, తర్వాత మాస్టారు. మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. ఆయన వెనక చంకలో కర్ర పెట్టుకున్న ఒకావిడ, ఆమె వెనక చంటిబిడ్డను దుప్పట్లో చుట్టుకున్న ఒక పిల్లతల్లి. డ్రైవరు హారన్ కొట్టలేదు. కండక్టరమ్మాయి విజిల్ నోట్లో పెట్టుకుని ఊదకుండా చూస్తోంది. లోపల కూర్చున్నవాళ్ళలో ఒక్కరూ విసుక్కోలేదు. రోజూ ఇంతేనని బండి మొత్తానికి తెలుసు. తెలియని మనిషి నా ముందు సీట్లో ఉన్నాడు, తెలిసీ మర్చిపోయిన మనిషి రోడ్డు మీద మాస్టారి సంచి పట్టుకుని నిలబడ్డాడు.

అల్లుడు మాస్టారి భుజం చుట్టూ చెయ్యి వేసి లోపలికి నడిపించుకుపోయాడు. బస్సు అతన్ని వదిలేసి కదిలిపోయింది.

ఆ సాయంత్రం నవ్వులాయన ఇంటికి వచ్చాడు. నేను టీ పెట్టే మిషతో వంటింటి గుమ్మంలో చేరాను.

"సార్, రేపు కమిటీ. నాకు మాటిచ్చారు" అన్నాడు మెల్లగా.

"ఇచ్చాను. వెనక్కి తీసుకుంటున్నాను. ఆ తప్పు నాది, మీది కాదు" అన్నాడు అల్లుడు. "మీరు నాకు అబద్ధం ఒక్కటీ చెప్పలేదండీ. సందు ఇరుకు నిజమే, ఆలస్యం నిజమే. కాని మీరొక్కరే చెప్పారు. మాస్టారు మా ఎదురింట్లోనే ఉంటారు. ఆయన ఆ గేటు దగ్గర ఎలా దిగుతారో ఇవాళ్టిదాకా నాకు తెలియలేదు. బస్సులో ఉండగా ఇలాంటిది ఒక్కటైనా నాకు తెలియకుండా ఉందా?"

"మా వాళ్ళకి నేనేం చెప్పను సార్?" అన్నాడు నవ్వులాయన.

"గేటు ఎదురుగా గోడ వెనక్కి జరిపిస్తే సందు వెడల్పవుతుంది. దానికి నేను నగరసభలో కొట్లాడతాను, మీ వాళ్ళని కూడా వచ్చి అడగమనండి. కారు మాత్రం రేపటినుంచి వద్దండి."

టీ తీసుకుని మా అమ్మాయి ముందు గదిలోకెళ్ళింది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కారు పోతున్నందుకేమో అనుకున్నాను. కప్పు నవ్వులాయన చేతికిచ్చి, మొగుడి వైపు తిరిగి, "మాస్టారికి ఆ స్టాపే దిక్కని నాకైనా తట్టలేదు. ఎదురిల్లే కదా" అంది. నా కూతురు మంచిదే, నా పోలిక.

కమిటీలో కొంచెం గలాటా అయిందట. చివరికి గేటు స్టాపు నిలిచింది. కారు పోయింది. మోకాళ్ళు పట్టేసినప్పుడల్లా దాన్ని తలుచుకుంటూనే ఉంటాను, మెత్తటి సీటు, చల్లటి గాలి. అల్లుడి కాళ్ళకు రోజూ రాత్రి తైలం రాసేది మా అమ్మాయే, నన్ను ముట్టుకోనివ్వదు. బస్సులో వెనక తలుపును ఆనుకుని ఉన్న సీటును జనం ఎవరూ చెప్పకుండానే ఖాళీగా ఉంచుతున్నారు. అల్లుడు ముందు మొహమాటపడ్డాడు, ఇప్పుడు కూర్చునే వింటున్నాడు.

మొన్న నేను ఇంకా బాగుపడని కళ్ళజోడు పట్టుకుని మళ్ళీ బయల్దేరాను. మార్కెట్టుకు రెండు స్టాపుల ముందు నవ్వులాయన బస్సెక్కాడు, అదే ఇస్త్రీ చొక్కా. వరసలో నిలబడి, తన వంతు వచ్చాక అల్లుడి పక్కన కూర్చుని గోడ గురించి గబగబా మొదలుపెట్టాడు. ఇంకా మధ్యలో ఉండగానే మార్కెట్టు వచ్చింది, నేను దిగడం మర్చిపోయాను.

"మీ స్టాపు అయిపోయిందండీ" అన్నాడు అల్లుడు.

"ఒక్క ముక్క సార్."

"రేపు."

ఆయన నవ్వేసి లేచి కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. మార్కెట్టు నుంచి ఆసుపత్రి గేటుదాకా మాస్టారి వంతు. మాస్టారు వచ్చి కూర్చుని, "నాకు చెప్పడానికేమీ లేదురా" అని, అల్లుడి భుజం మీద తల ఆనించి కళ్ళు మూసుకున్నాడు. వెనక ఇంకా బోలెడుమంది ఉన్నారు. ఆ స్టాపు ఖాళీయే కదా, నేను చెప్పుకుంటాను అని ఎవరూ ముందుకు రాలేదు. అల్లుడు కూడా కదలకుండా, ఏదో వింటున్నట్టే కూర్చున్నాడు.

గేటు దగ్గర బస్సు ఆగింది. మాస్టారు సంచి తీసుకుని మెట్టు మెట్టుకీ ఆగుతూ దిగుతున్నాడు. నవ్వులాయన అలవాటుకొద్దీ చేతి గడియారం వైపు చూశాడు. చూసి, చొక్కా చెయ్యి కిందికి లాగి దాన్ని కప్పేశాడు. నేను గమనించనట్టు కిటికీ వైపు తిరిగాను.